శబరి ఏది? – క్రీస్తు దైవత్వము, మానవత్వము

ఈ దినము మనము ధ్యానించబోయే ప్రశ్న ఇది: యేసుప్రభువు నిజముగా దేవుడా, నిజముగా మనిషా? రెండూ అయితే ఎట్లా? ఇది పండితుల విషయమని రేడియో కట్టివేయకండి. నాకు ఈ పాఠము నేర్పినవాడు పండితుడు కాదు. కూనవరములో చేపలు పట్టుకొని బ్రతికే ఒక పెద్దాయన.

కూనవరము మీలో చాలామందికి తెలిసిన ఊరే. అప్పట్లో మన ఖమ్మం జిల్లాలోనే ఉండేది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లోనికి వెళ్లిన మండలాలలో అదీ ఒకటి. ఒడిశా కొండల మీదుగా వచ్చిన శబరి నది అక్కడనే గోదావరిలో కలుస్తుంది. కొన్ని సంవత్సరముల క్రిందట ఆ ఒడ్డున జరిగిన కూటములలో నేను వాక్యము చెప్పాను. కళ్ల ఎదుట సంగమము ఉన్నది గదా, ఉపమానమునకు దూరము వెళ్లనేల అనుకొన్నాను. "ఇదిగో, శబరి వచ్చి గోదావరిలో కలిసిపోయినట్లే, ప్రభువులో మానవత్వము వచ్చి దైవత్వములో కలిసిపోయినది. ఇక విడదీయగలవాడెవడు?" అన్నాను. జనులు తలలూపారు. నాకు కూడా, నిజము చెప్పాలంటే, మంచి మాట దొరికిందనే అనిపించింది.

కూటము అయిపోయి విస్తళ్లు వేస్తున్న వేళ ఆ పెద్దాయన నా ప్రక్కకు వచ్చి కూర్చున్నాడు. "అయ్యగారూ, తప్పు పట్టుకోకండి, ఒక మాట. కూనవరం దాటినాక శబరి ఏది? నేను కిందికి పోయి వలేస్తే గోదారిలో వలేసినాననే అంటారు. శబరి పేరు కూడా ఉండదు. మరి ప్రభువులోని మనిషి కూడా అట్లనే పోయినాడా?"

నా దగ్గర జవాబు లేదు. అన్నము తిన్నాను గాని రుచి తెలియలేదు.

ఇంటికి వచ్చి సంఘచరిత్ర పుస్తకము తీసి చూస్తే, పెద్దాయన అడిగిన ప్రశ్ననే పదిహేను వందల సంవత్సరముల క్రిందట సంఘమంతా అడిగినదని తెలిసింది. నేర్చుకొనే దినములలో పరీక్ష కొరకు చదివి మరచిపోయిన పాఠమే. కాన్‌స్టాంటినోపుల్ నగరములో ఎవుతుఖే అనే వృద్ధ సన్యాసి ఉండేవాడు. భక్తిపరుడు, మఠమునకు పెద్ద. క్రీస్తు దైవత్వమును తగ్గించేవారి మీద ఆయనకు మహా రోషము. ఆ రోషములో ఆయన ఎంత దూరము వెళ్లాడంటే, కలయికకు ముందు రెండు స్వభావములు ఉండెను గాని కలయిక తరువాత ఒక్కటే అని చెప్పాడు. 448లో అక్కడి సంఘాధ్యక్షుల సభ ఆయన బోధను తప్పు పట్టింది. ప్రియులారా, నేను కూనవరములో చెప్పినది అక్షరాలా ఎవుతుఖే బోధనే. తెలియక చెప్పాను, మంచి మనస్సుతో చెప్పాను. ఆయన కూడా మంచి మనస్సుతోనే చెప్పాడేమో.

తరువాత 451లో ఖల్కెదోను అనే పట్టణములో ఐదువందల మందికి పైగా అధ్యక్షులు కూడుకొన్నారు. ఆ స్థలము నేటి తుర్కీ దేశములోని ఇస్తాంబుల్ నగరములో ఒక పేట. ఆ సభలో తగవులు, రాజకీయములు లేకపోలేదు. ఆ కథంతా ఇప్పుడు వద్దు. వారు తేల్చిన సంగతి మాత్రము మనకు కావలెను. క్రీస్తు ఒక్కడే, ఇద్దరు కాడు. ఆ ఒక్కనియందే దైవస్వభావము పూర్తిగా ఉన్నది, మానవస్వభావము పూర్తిగా ఉన్నది. ఆ రెండూ కలగాపులగము కాలేదు. ఒకటి మారి మరొకటి కాలేదు. అట్లని రెండుగా చీలిపోలేదు, ఒకదానికొకటి దూరముగా నిలువలేదు. గమనించారా? ఇది ఎట్లు సాధ్యమో వారు వివరించలేదు. ఎట్లు కాదో మాత్రము నాలుగు మాటలలో కంచె వేశారు. బావి చుట్టూ గోడ కట్టినవాడు బావి లోతు కొలిచానని చెప్పడు గదా, పిల్లలు పడిపోకుండా కట్టాడు, అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కేరళ నుండి వచ్చి మన ప్రాంతములలో నర్సులుగా సేవచేసిన సహోదరీలలో కొందరు సిరియన్ ఆర్థడాక్సు సంఘములవారు. వారి సంఘములు ఖల్కెదోను సభను అంగీకరించవు. అయితే ఎవుతుఖే బోధను వారూ త్రోసివేస్తారు. ప్రభువు సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మానవుడు అనే వారూ ఒప్పుకొంటారు. మాటల దగ్గర తేడా ఉన్నది గాని, శబరి ఎండిపోయిందని వారూ అనరు.

మరునాటి కూటములకు కూనవరము వెళ్లినప్పుడు సంఘము ఎదుట నా ఉపమానము తప్పని ఒప్పుకొన్నాను. పెద్దాయన ముందు వరుసలోనే ఉన్నాడు. నవ్వలేదు. తల మాత్రము ఊపాడు.

ఇంతకూ ఇందులో మనకు పోయేదేమిటి, వచ్చేదేమిటి అని మీరు అడుగవచ్చు. దానికి జవాబు నాకు మరొకచోట దొరికింది. చర్ల దారిలో లోపలికి ఉన్న ఒక గూడెములో ఒక కోయ సహోదరి ఉన్నది. ఒక వానాకాలము ఆమె రెండేళ్ల బిడ్డకు చలిజ్వరము వచ్చింది. డోలీ కట్టి వాగు వరకు తెచ్చారు. వాగు పొంగి ఉన్నది. నీళ్లు తగ్గేవరకు కనిపెట్టారు. ఆ లోపలనే బిడ్డ ప్రాణము పోయింది. నేను వెళ్లేసరికి మూడు దినములైంది. ఆమె ఏడ్వడము లేదు. ప్రార్థన చేస్తాననగానే నన్ను ఆపి అడిగింది: "దేవునికి ఎప్పుడన్నా జరం వచ్చిందా అయ్యగారూ?"

ప్రియులారా, ఆ దినము నేను కూనవరపు ఉపమానము చెప్పి ఉంటే ఏమని జవాబు చెప్పేవాడిని? మానవత్వము దైవత్వములో కరిగిపోయినదంటే, లేదమ్మా, రాలేదు, రాదు అని చెప్పి లేచి రావలసినదే.

సువార్తలు ఏమి చెబుతున్నవో చూద్దాము. యేసుప్రభువుకు జ్వరము వచ్చిందని ఎక్కడా వ్రాయబడలేదు. లేనిది నేను కల్పించి చెప్పను. ఆమెకు కూడా చెప్పలేదు. సీమోను అత్తకు తీవ్రమైన జ్వరము ఉండగా ప్రభువు ఆమె దగ్గర నిలిచి ఆ జ్వరమును గద్దించినట్లు లూకా నాల్గవ అధ్యాయములో ఉన్నది. అయితే జ్వరము రాగల శరీరమే ఆయన శరీరము. నలువది దినములు ఉపవాసముండి ఆకలిగొన్నాడు. సమరయలో మధ్యాహ్నపుటెండలో నడిచి అలసి బావి దగ్గర కూలబడి, పరాయి స్త్రీని నీళ్లడిగాడు. లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు. గెత్సేమనేలో ఆయన చెమట రక్తబిందువులవలె నేలమీద పడినదని వైద్యుడైన లూకా వ్రాశాడు. సిలువ మీద దాహమన్నాడు. హెబ్రీ పత్రిక ఐదవ అధ్యాయము ఇంకా తెగించి చెబుతుంది: ఆయన గట్టిగా అరచి, కన్నీళ్లతో ప్రార్థించాడని. మనము ప్రభువు పటములను గోడకు పెట్టుకొంటాము గాని, వాటిలో ఆయన ముఖము ఎప్పుడూ కడిగినట్లు శుభ్రముగా ఉంటుంది. ఏడ్చి ఉబ్బిన కన్నులు ఏ పటములోనూ నేను చూడలేదు.

మానవత్వము అనే మాట దగ్గర కూడా కొంచెము జాగ్రత్త అవసరము. మన తెలుగులో మానవత్వమంటే దయాగుణమని అర్థము స్థిరపడిపోయింది. ఇక్కడ ఆ అర్థము కాదు. మనిషితనము. ఎముక, నెత్తురు, నిద్ర, ఎదుగుదల, ఆలోచించే మనస్సు, నిర్ణయించుకొనే ఇష్టము, అన్నీ. నాల్గవ శతాబ్దములో అపొల్లినారి అనే బోధకుడు, క్రీస్తుకు శరీరమైతే మనదే గాని లోపల మనస్సు ఉండవలసిన చోట దైవవాక్కే ఉన్నదని చెప్పాడు. దానికి నజియంజుకు చెందిన గ్రెగొరీ అనే భక్తుడు ఇచ్చిన జవాబు చాల సూటిగా ఉంటుంది. మనలో ఏ భాగమును ఆయన తీసుకొనకుండ విడిచిపెట్టాడో ఆ భాగము బాగుపడకుండ మిగిలిపోతుంది గదా అన్నది ఆయన వాదము. మన మనస్సే కదా ముందుగా చెడిపోయినది!

మరి దైవత్వము? కొందరు ఇంకొక ప్రక్కకు ఒరుగుతారు. యేసు మంచి మనిషి, మన బాధ తెలిసినవాడు, అంతవరకు చాలును అంటారు. ఆ తల్లి గుమ్మములో కూర్చున్నప్పుడు నాకు అది చాలదని తెలిసింది. ఆమె బాధ తెలిసినవారు ఆ గూడెములో ఇంటింటికి ఉన్నారు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు ఆమె చుట్టూ కూర్చున్నారు. వారు ఆమెతో ఏడ్వగలరు, మరణమును ఏమీ చేయలేరు. క్రీస్తు కూడా అంతే అయితే, ఆ గుంపులో మరొకడు చేరినట్లు, అంతకంటె ఏమీ లేదు.

అరియ అనే అలెక్సంద్రియ బోధకుడు కుమారుడు దేవుని సృష్టిలో మొదటివాడే గాని దేవుడు కాడని చెప్పినప్పుడు, 325లో నికైయలో కూడిన సభ ఒప్పుకొనలేదు. తండ్రి ఏ తత్వము గలవాడో కుమారుడూ అదే తత్వము గలవాడని తీర్మానించింది. మనము ఆరాధనలో నిలువబడి చెప్పే నికైయ విశ్వాసప్రమాణము ఆ తీర్మానము నుండి వచ్చినదే. 2025 నాటికి దానికి పదిహేడు వందల సంవత్సరములు నిండినవి. చాలామందిమి దానిని పరుగెత్తించి చెప్పి కూర్చుంటాము, నేనూ అందుకు మినహాయింపు కాదు.

ఒక్క సంఘటనలో రెండూ చూడాలంటే మార్కు సువార్త నాల్గవ అధ్యాయము చదవండి. గోదావరి ఒడ్డువారికి ఆ భాగము వివరించనక్కరలేదు. భద్రాచలము దగ్గర నీరు 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని మన చిన్నపిల్లలు కూడా చెబుతారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 వచ్చినప్పుడు ఊళ్లు విడిచి శిబిరములలో తలదాచుకొన్నవారు మనలో ఉన్నారు. అట్టి నీళ్ల మీద దోనెలో ఒకడు నిద్రపోతున్నాడంటే మీరు నమ్ముతారా? మార్కు చెబుతున్నాడు: ప్రభువు దోనె వెనుక భాగములో తలక్రింద దిండు పెట్టుకొని నిద్రపోతున్నాడని. దినమంతా జనులకు బోధించి అలసిన మనిషి నిద్ర అది. నటన కాదు. తట్టి లేపవలసి వచ్చింది. లేచినవాడు గాలితో, నీళ్లతో మాటలాడాడు, అవి విన్నవి. శిష్యులకు తుపాను ఉన్నప్పటికంటె అది అణగిన తరువాత ఎక్కువ భయము కలిగింది. దోనెలో తమ ప్రక్కన ఉన్నవాడు ఎవడో అని. నిద్రపోయినవాడు ఒకడు, గాలిని గద్దించినవాడు మరొకడు కాడు. ఒక్కడే. అదే ఖల్కెదోను సభవారు చెప్పినది. జాలరులకు అది ముందే తెలిసింది.

భద్రాచలము చుట్టుప్రక్కల సువార్త చెప్పేవాడు మరొక మాట దగ్గర ఆగవలసి ఉన్నది. అవతారము. పదిహేడవ శతాబ్దములో కంచర్ల గోపన్నగారు కట్టించిన ఆలయము ఉన్న ఊరు ఇది. శ్రీరామనవమికి కల్యాణము చూడవచ్చేవారిలో మన బంధువులు, పొరుగువారు ఉన్నారు. మన పెద్దలు నరావతారము అనే మాటను ప్రసంగములలో ధారాళముగా వాడారు, నేనూ వాడుతాను. దిగివచ్చుట అనే అర్థము అందులో ఉన్నది, అది మంచిదే. పొరుగువారి విశ్వాసమును వివరించుట నా పని కాదు, వారే నాకంటె బాగుగా వివరిస్తారు. మాటలోని తేడా మాత్రము చెబుతాను. అక్కడ అవతారములు అనేకము. యుగమునకు తగినట్లు వస్తవి, పని నెరవేరగానే అవతార సమాప్తి అంటారు. మనము ప్రభువును గూర్చి చెప్పేది వేరు. ఆయన ఒక్కసారే వచ్చాడు. మనిషి అయిన తరువాత మనిషితనమునకు సమాప్తి లేదు. వీధినాటకము ఆడినవాడు తెల్లవారగానే కిరీటము తీసి, రంగు కడుక్కొని ఇంటికి పోతాడు. ప్రభువు అట్లు కడుక్కొని పోలేదు. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక రెండవ అధ్యాయములో, దేవునికిని మనుష్యులకును మధ్యవర్తి ఎవడని చెబుతూ, క్రీస్తుయేసును నరుడనే పిలిచాడు. ఆ మాట వ్రాసే నాటికి ప్రభువు ఆరోహణుడై ఎంతో కాలమైంది.

దిగివచ్చుట అన్నాను గనుక మన ప్రాంతపు సంగతి ఒకటి చెబుతాను. భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము దగ్గర గోదావరికి అడ్డముగా ఆనకట్ట ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్‌గారి ఆలోచన ప్రకారము, రాళ్లు అడ్డుపడే చోట్ల కాలువ కట్టి పడవలను పైకి పంపాలని ఆ పని మొదలుపెట్టారు. ఆ పనులను నడిపిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. 1860ల ఆరంభములో ఆయన ప్రయత్నము వలన అక్కడ కోయవారి మధ్య చర్చి మిషనరీ సొసైటీవారి సేవ మొదలైంది. మొదట గూడెములకు వెళ్లి వాక్యము చెప్పినవాడు మాత్రము తెల్లదొర కాదు. ఆ పనులలోనే ఉద్యోగము చేస్తూ క్రీస్తును నమ్మి, ఉద్యోగము విడిచిపెట్టిన వెంకటరామరాజుగారు. పడవల పథకము ఖర్చు భరించలేక 1871లో ఆపివేశారు. సువార్త ఆగలేదు. తరువాత వచ్చిన జాన్ కెయిన్‌గారి కాలములో లూకా సువార్త కోయ మాటలోనికి వచ్చింది.

నాకు ఆ సంగతి ఎప్పుడు తలంచినా ఆశ్చర్యమే. దేవుని కుమారుడు ఒక భాష నేర్చుకొన్నాడు. పుట్టగానే మాటలాడలేదు. మరియ ఒడిలో అమ్మా అనే మాట ఎట్లు పలకాలో నేర్చుకొన్నాడు. గలిలయవారి యాస ఆయనకు ఉండేది. జ్ఞానమందును వయస్సునందును ఎదిగాడని వ్రాసినవాడు లూకానే. దోర్నకల్ మొదటి అధ్యక్షుడు అజరయ్యగారిని మన పెద్దలు నేటికీ తలుచుకొంటారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న అధ్యక్షుడై, 1945 జనవరి 1న ఇక్కడనే ప్రభువునందు నిద్రించాడు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి పెద్ద దేవాలయమునకు ప్రభువు ప్రత్యక్షత పేరే పెట్టారు. ఆయన మన మధ్యకు వచ్చినట్లే ప్రభువు వచ్చాడని చెప్పబోయి నన్ను నేను ఆపుకొన్నాను. కూనవరము జ్ఞాపకము వచ్చింది! అజరయ్యగారు తెలుగు నేర్చుకొన్నాడు గాని తెలుగువాడై పుట్టలేదు. ప్రభువు మన భాష నేర్చుకొన్న పరదేశి కాడు. మన ఇంటనే పుట్టినవాడు.

ఆ గూడెమునకు నేను మరల వెళ్లినప్పుడు తునికాకు కోతలు నడుస్తున్నవి. ఆ సహోదరి కట్టలు కడుతూ కూర్చున్నది. అప్పుడు సగములో ఆగిన మాట చెప్పడానికి వచ్చానన్నాను. లూకా ఇరువది నాల్గవ అధ్యాయము తీసి చదివాను. మరణమును జయించి లేచిన ప్రభువు శిష్యుల మధ్య నిలిచినప్పుడు వారు భూతమనుకొన్నారు. ఆయన చేతులు, కాళ్లు చూపి, తినడానికి ఏమైనా ఉన్నదా అని అడిగి, వారిచ్చిన కాల్చిన చేప ముక్క వారి ఎదుటనే తిన్నాడు.

ఆమె కట్ట కట్టడము ఆపింది.

"లేచినాక కూడా ఆకలైందా?"

"ఆకలైందో లేదో వ్రాయలేదమ్మా. తిన్నాడని వ్రాశారు."

"మరి ఆ చేతుల గాయాలు? మానినయా?"

యోహాను ఇరువదవ అధ్యాయము చదివాను. ఎనిమిది దినములైన తరువాత తోమా వచ్చినప్పుడు కూడా ఆ గాయములు ఉన్నవి. చేయి చాపి చూడమన్నాడు. తోమా ఆయనను తన ప్రభువనీ తన దేవుడనీ పిలిచాడు.

"దేవుడన్నాడా, ఆ గాయాలను చూసి?"

"అవునమ్మా. వాటిని చూసే అన్నాడు."

ఆమె చాలసేపు ఏమీ అనలేదు. తరువాత ఆకుల కట్ట ప్రక్కకు జరిపి, ఆ పేజీ దగ్గర వేలు పెట్టి, ఇంకొకసారి చదవమన్నది.